జాగలమ్మి బతికే సర్కారు ఇల్లు అగ్గువ కానిస్తదా?

(ఉద్యోగులు, విద్యార్థులు కలిసి హైదరాబాద్‌లో జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆర్థికవేత్తను కాను. డిగ్రీ చదివి, పేపర్ల పని చేసుకుంట బతికేటోన్ని. 2009లో ఉస్మానియా హాస్టల్లో ఉండి ఉద్యమంలో తిరిగినోన్ని. అప్పుడు నాకున్న ఆస్తి ఒక ట్రంకు పెట్టె. ఇయ్యాల ముప్పై ఏడేండ్లొచ్చినయి. కిరాయి ఇండ్లు ఆరు మారినయి, ఆ ట్రంకు పెట్టె మాత్రం మారలేదు. ఈ హాల్లో కూసున్నోళ్లలో సగం మందిది ఇదే కథ అని నాకు తెలుసు. అందుకే ఈ విషయం మీద మాట్లాడమంటే ఒప్పుకున్న.

ఈ మధ్య ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే మాట వినపడుతున్నది. "ఇల్లు పిరమైంది. ఎందుకు పిరమైంది? పన్నులు ఎక్కువైనయి. పన్నులు ఎందుకు ఎక్కువైనయి? సర్కారు పెద్దదైంది, ఉద్యోగులు ఎక్కువైండ్రు. సర్కారును చిన్నగ చెయ్యండి, పన్నులు తియ్యండి, ఇల్లు అదే అగ్గువైతది" అని. వినడానికి బాగనే ఉన్నది. ఇండ్లో నిజమెంత, అబద్ధమెంత అని ఇయ్యాల లెక్క చూద్దాం.

మా బావ కట్టిన లెక్క

మా బావ జిల్లా పరిషత్ బడిలో సారు. 2023లో నగరం అంచున కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ మాట్లాడుకున్నడు. ధర 60 లక్షలు. ఇంకా కడుతున్న ఇల్లు గనుక జీఎస్టీ 5 శాతం, అంటే 3 లక్షలు. రిజిస్ట్రేషన్ నాడు స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. మొత్తం ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. రెండూ కలిపితే ఏడున్నర లక్షలు. ఎనిమిది రూపాయల ఇల్లు కొంటే ఒక రూపాయి పన్ను.

బ్యాంకు 48 లక్షలు ఇచ్చింది. ఎనిమిదిన్నర శాతం మిత్తికి 20 ఏండ్లంటే నెలకు 41 వేలు దాటుతది. మిగిలిన 12 లక్షలకు అక్క బంగారం పోయింది, ఊర్ల ఎకరం పోయింది. జీఎస్టీకి జీపీఎఫ్ నుంచి లోను తీసిండు. ఇగ రిజిస్ట్రేషన్ వారం ఉందనంగ ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, నాలుగున్నర లక్షలు ఎక్కడన్న దొరుకుతయా?" అని. "బ్యాంకోళ్లను అడుగరాదు బావా?" అన్న. "చలాన్ పైసలకు బ్యాంకు లోనియ్యదట" అన్నడు.

నిజమే. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి ధరలో కలిపి లోను లెక్క కట్టొద్దని రిజర్వ్ బ్యాంకు 2012లో బ్యాంకులకు చెప్పింది. 2015లో 10 లక్షల లోపు ఇండ్లకు సడలించింది. హైదరాబాద్‌లో 10 లక్షలకు ఇల్లెక్కడ దొరుకుతది? కడకు బావ నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిండు. నెలకు 9 వేలు మిత్తికే. ఇల్లు ధరలో ఏడున్నర శాతమే కదా అంటరు. కానీ ఆ ఏడున్నర శాతం ఒక్కనాడు, రొక్కంగ, లోను లేకుంట కట్టాలె. జీతగానికి పన్ను రేటు కన్న ఆ రొక్కం ఎక్కువ భారం.

ఇంకొక ముచ్చట. 2021 జూలై 22 దాక మన రాష్ట్రంలో ఈ మొత్తం 6 శాతమే. ఆ రోజు నుంచి ఏడున్నర అయింది. అదే రోజు నుంచి సర్కారు లెక్కల్లోని భూముల విలువలు కూడ పెంచిండ్రు. 2013 తర్వాత అదే మొదటిసారి. ఆరు నెలలకే, 2022 ఫిబ్రవరి 1 నుంచి, మళ్లా పెంచిండ్రు. పన్ను రేటు పెరిగింది, పన్ను వేసే విలువ రెండుసార్లు పెరిగింది.

జీఎస్టీ సంగతి చూడండి. 2019 ఏప్రిల్ నుంచి కడుతున్న ఇండ్లకు 5 శాతం, చిన్న ఇండ్లకు 1 శాతం. చిన్న ఇల్లంటే ఏది? హైదరాబాద్ వంటి మెట్రోలలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు ఉండాలె, ధర 45 లక్షల లోపు ఉండాలె. ఈ 45 లక్షల గీత 2019 ధరలు చూసి గీసింది. ఈ రేట్లతోపాటు బిల్డర్ సిమెంటు, స్టీలు మీద కట్టిన పన్నును మినహాయించుకునే సౌకర్యం తీసేసిండ్రు. సిమెంటు మీద 2017 నుంచి 28 శాతం ఉండె, 2025 సెప్టెంబర్‌లో 18కి దిగింది. బిల్డర్ ఆ పన్ను తన జేబుల నుంచి పెట్టుకోడు. అదంత ఫ్లాట్ ధరలోనే కలుస్తది, బిల్లు మీద కనపడదు.

కాబట్టి పన్ను భారం లేదని నేను అంటలేను. ఉన్నది. బావ లాంటోళ్ల నడుము మీదనే ఉన్నది. కానీ అసలు సంగతి అది కాదు.

ఎకరం లెక్క

ఏడున్నర లక్షల పన్ను మొత్తం మాఫీ చేసిండ్రనుకుందాం. బావ ఫ్లాట్ 60 లక్షలే ఉంటది కదా? ఆ 60 లక్షలు ఎక్కడినుంచి వచ్చినయి?

కోకాపేటకు పోదాం. 2006లో అక్కడ హుడా భూములు వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగ 14 కోట్లు దాటింది. అప్పుడు ఉద్యమం వైపు నుంచి పెద్ద లొల్లి అయింది. "తెలంగాణ భూములమ్మి బడ్జెట్ నింపుకుంటున్నరు" అని రాసిన వ్యాసాలు చదువుకుంటనే మేం పెరిగినం. 2014లో రాష్ట్రం వచ్చింది. 2021 జూలైలో అదే కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే గరిష్ఠంగ ఎకరం 60 కోట్లు దాటింది. 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ ఒక్కరోజు 45 ఎకరాల మీద 3,300 కోట్ల పైచిలుకు వచ్చింది. ప్రభుత్వం మారింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు, నవంబర్‌లో కోకాపేటలో 151 కోట్లు. పార్టీ ఏదైనా పాట ఆగలేదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఎకరంలో బిల్డర్ 4 లక్షల చదరపు అడుగులు కట్టిండనుకుందాం. మన దగ్గర 2006లో వచ్చిన 86వ నంబర్ జీవోతో అంతస్తుల విస్తీర్ణానికి పైన గీత లేదు గనుక ఎత్తుగ కడుతరు. ఎకరం 14 కోట్లయితే అడుగుకు భూమి ఖర్చు 350 రూపాయలు. 1,500 అడుగుల ఫ్లాట్ మీద ఐదుంబావు లక్షలు. ఎకరం 100 కోట్లయితే అడుగుకు 2,500. అదే ఫ్లాట్ మీద 37 లక్షల 50 వేలు. ఇంకా ఒక ఇటుక పెట్టలేదు, ఒక బస్తా సిమెంటు కలపలేదు. ఉత్త జాగకే ఇంత.

ఔటర్ రింగ్ రోడ్డు మీదనే కొల్లూరున్నది. అక్కడ 15,660 డబుల్ బెడ్‌రూం ఇండ్లు కట్టిండ్రు. 2023 జూన్‌లో ప్రారంభించిండ్రు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. జీహెచ్‌ఎంసీలో తొమ్మిదంతస్తుల రకానికి పెట్టిన యూనిట్ ఖర్చు 7 లక్షల 90 వేలు, రోడ్లు నీళ్ల వసతులకు ఇంకో 75 వేలు. ఆ రేటు గిట్టదని కాంట్రాక్టర్లు గులిగిండ్రు, నిజమే. అది ఇప్పటి ధర కాదు, అదీ నిజమే. అయినా ఒకటి రుజువైంది. జాగ ధర లెక్కలోకి రాకపోతే రెండు గదుల ఇల్లు ఒక టీచర్ జీతంతో కొనుక్కోగల వస్తువే.

వేలం ధరను పుట్టిస్తదా?

ఇక్కడ అర్థశాస్త్రం చదువుకున్న తమ్ముళ్లు ఒక ప్రశ్న వేస్తరు. వెయ్యాలె కూడ. "అన్నా, భూమి పిరమైతే ఫ్లాట్ పిరమైతదా, ఫ్లాట్ పిరంగ అమ్ముడుపోతదని తెలిసి బిల్డర్ భూమికి ఎక్కువ పాడుతడా?" అని.

రెండోదే ఎక్కువ నిజం. ఐటీ కంపెనీలు వచ్చినయి, జీతాలు వచ్చినయి, విదేశాల నుంచి పైసలొచ్చినయి, కొనేటోళ్లున్నరు. వేలం లేకున్నా కోకాపేట ధర పెరుగుతుండె. అది ఒప్పుకోవాలె. వేలం పాట ధరను పుట్టించదు. కానీ ధర మీద సర్కారు ముద్ర వేస్తది. ఎకరం 100 కోట్లని మర్నాడు పేపర్ల మొదటి పేజీలో రాంగనే పక్కూరి ఆసామి అమ్మేటోడు అమ్మడు, ఇంకో ఏడాది ఆగుతడు. కంపెనీ కొని పెట్టుకున్న జాగలో పునాది తియ్యదు, ఆగుతది. సర్కారు తర్వాతి వేలానికి పాత పాటను చూసి అప్‌సెట్ ధర పెంచుతది. రిజిస్ట్రేషన్ విలువలు సవరించేటప్పుడు పెరిగిన ధరలు చూపిస్తరు. ధర ఒక్కసారి మెట్టెక్కినంక కిందికి దిగే దారి మూసుకుపోతది.

ఇంక పెద్ద సంగతేందంటే, వేలం పాటతో సర్కారు కూడ ధర పెరగాలని కోరుకునేటోళ్లలో చేరుతది. స్టాంప్ డ్యూటీ ధరను బట్టి వస్తది. వేలం సొమ్ము ధరను బట్టి వస్తది. పింఛన్లు, రుణమాఫీ, పాత అప్పుల కిస్తులు ఆ సొమ్ము మీద ఆశపెట్టుకొని ఉంటయి. ధర పడిపోతే ఖజానా పడిపోతది. మరి అట్లాంటి సర్కారు ఇల్లు అగ్గువ కావాలని మనస్ఫూర్తిగ కోరుకుంటదా? మీరే చెప్పండి.

2025 మార్చిలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కాడ ఏమైందో మీరంత చూసిండ్రు. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు చెట్ల కోసం, నెమళ్ల కోసం, జింకల కోసం నిలబడ్డరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. నాకు ఆ పిల్లల మీద గౌరవమున్నది. కానీ ఒక ప్రశ్న అప్పుడు ఎవరూ గట్టిగ అడుగలేదు. ఆ జాగ అమ్మాలన్న ఆకలి ఎక్కడినుంచి వచ్చింది? ఆ ఆకలి తీరనంత కాలం ఇంకో కంచ, ఇంకో గుట్ట వరుసలో ఉంటది.

రెండు చిన్న సర్కార్లు

ఇప్పుడు "సర్కారు పెద్దది, ఉద్యోగులు ఎక్కువ" అన్న మాటకొద్దాం. ఇది నేరుగ మీ మీద పడే మాట గనుక చెప్పాలె.

హాంకాంగ్, సింగపూర్. రెండూ నగరాలే. రెండింటిలో ఆదాయ పన్ను తక్కువ. రెండు చోట్ల ఆదాయంతో పోలిస్తే సర్కారు ఖర్చు పెద్ద దేశాల కన్న తక్కువ. రెండు చోట్ల భూమి ఎక్కువ భాగం సర్కారు చేతిలోనే. సర్కారు సైజే ఇంటి ధరను తేల్చేదైతే రెండు చోట్ల ఇల్లు ఒకే తీరుగ దొరకాలె.

హాంకాంగ్‌లో మన జీఎస్టీ వంటి పన్నే లేదు. మరి ఖజానాలో పెద్ద భాగం ఎట్ల నిండుతుండె? భూమి లీజులు వేలం వేసి, ఆస్తుల లావాదేవీల మీద స్టాంప్ డ్యూటీ వేసి. పన్నులు తక్కువ అని పేరు, కానీ ఆ పన్ను ఇంటి ధరలో దాగి ఉన్నది. ఫలితం? ప్రపంచంలో ఇల్లు కొనడం అతి కష్టమైన నగరంగ ఏండ్ల తరబడి మొదటి స్థానం. జనాభాలో దాదాపు 30 శాతం సర్కారు ఇండ్లల్లో కిరాయికుంటరు, ఆ ఇంటి కోసం వరుసలో ఏండ్లు నిలబడాలె. రెండు లక్షల మందికి పైగ ఒక ఫ్లాట్‌ను ముక్కలు చేసిన గూళ్లలో బతుకుతున్నరు.

సింగపూర్‌లో 1960లో హౌసింగ్ బోర్డు పెట్టిండ్రు. 1966లో భూసేకరణ చట్టం తెచ్చిండ్రు. సర్కారు భూమి మీద సర్కారే ఇండ్లు కట్టి 99 ఏండ్ల లీజుకు జనానికి అమ్మింది. 1968 నుంచి ప్రావిడెంట్ ఫండ్ పైసలు ఇంటికి వాడుకోనిచ్చింది. ఇయ్యాల అక్కడి స్థిర నివాసులలో ముప్పావు వంతు కన్న ఎక్కువ మంది ఆ బోర్డు కట్టిన ఇండ్లలోనే ఉన్నరు. అక్కడ అంతా బంగారమని నేను చెప్తలేను, తక్కువ పరిహారంతో భూములు గుంజుకున్న చరిత్ర కూడ అందులో ఉన్నది. కానీ తేడా చూడండి. ఒక సర్కారు జాగ అమ్ముకున్నది, ఇంకోటి జాగ మీద ఇల్లు కట్టింది. కాబట్టి ఎంతమంది ఉద్యోగులున్నరన్నది అసలు ప్రశ్న కాదు. ఆ ఉద్యోగులతో ఏం పని చేయించుకుంటున్నమన్నది ప్రశ్న.

మన దగ్గర ఆ పని చెయ్యలేదా? చేసినం. 1908 మూసీ వరద తర్వాత 1912లో నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇండ్లు కట్టించింది. తర్వాత హౌసింగ్ బోర్డు వచ్చింది. కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీ పేరులోనే ఆ హౌసింగ్ బోర్డున్నది. క్లర్కులు, టీచర్లు, ఫ్యాక్టరీ కార్మికులు కిస్తులు కట్టి ఇంటోళ్లయిండ్రు. తర్వాత బోర్డు చిన్నగయింది. ఇల్లు కట్టుడు తగ్గింది, జాగ అమ్ముడు పెరిగింది. మధ్యతరగతి కోసమని 2007లో పెట్టిన రాజీవ్ స్వగృహ ఇండ్లు నాగోలు బండ్లగూడలో ఏండ్ల తరబడి తాళాలతో ఉండి, ఆఖరికి అమ్మకానికొచ్చినయి. ఇల్లు కట్టే పనిలో సర్కారు చిక్కిపోయింది, జాగలమ్మే పనిలో బలిసింది.

కొంటే పన్ను, పండబెడితే లేదు

చివరి మాట. పన్ను ఎంత అన్నది ఒక్కటే కాదు, దేని మీద అన్నది కూడ చూడాలె.

మనోళ్లు డల్లాస్ చుట్టుపక్కల వేలమంది ఉన్నరు. అడిగి చూడండి. టెక్సాస్‌లో రాష్ట్రం ఆదాయ పన్ను లేదు. కానీ ఇంటి మీద ఏటా దాని విలువలో రెండు శాతం దరిదాపు ప్రాపర్టీ టాక్స్ కడుతరు. తిట్టుకుంటనే కడుతరు. కాలిఫోర్నియాలో 1978లో ఓటింగ్ పెట్టి ఇంటి పన్నును కొన్న ధరలో ఒక శాతానికి కట్టేసిండ్రు, పన్ను వేసే విలువ ఏటా రెండు శాతం మించి పెరగొద్దన్నరు. ఏ రాష్ట్రంలో మన పిల్లలు ముందు ఇల్లు కొనుక్కుంటున్నరు? టెక్సాస్‌లో. విశాలమైన భూమి, తేలికైన అనుమతులు కూడ కారణాలే. కానీ జాగను ఊకె పట్టుకొని కూసుంటే ఏటా ఖర్చయ్యే చోట పట్టుకొని కూసునేటోళ్లు తక్కువైతరు.

మన దగ్గర తిరగబడి ఉన్నది. ఉండడానికి ఇల్లు కొన్నోడు ఒక్కరోజే ఏడున్నర శాతం కట్టాలె. పది ప్లాట్లు కొని ముళ్లకంప పెట్టి పండబెట్టినోనికి ఖాళీ జాగ పన్ను జీహెచ్‌ఎంసీలో ఏటా అర శాతం, అది కూడ సర్కారు విలువ మీద. ఏటా పది శాతం పెరిగే జాగకు అర శాతం పన్ను ఒక లెక్కా? ఇల్లు కావాల్సినోన్ని శిక్షించి, జాగ దాచినోనికి బహుమానం ఇచ్చే పన్ను ఇది.

మరి ఏం అడగాలె? నాకు తోచినవి నాలుగు చెప్త.

ఒకటి, మొదటి ఇంటికి, చిన్న ఇంటికి రిజిస్ట్రేషన్ రేటు దించాలె. కర్ణాటకలో 45 లక్షల లోపు కొత్త ఫ్లాట్ మొదటి రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ 3 శాతానికి దించిండ్రు. మహారాష్ట్రలో ఆడబిడ్డ పేరు మీద కొంటే 2021 నుంచి ఒక శాతం తగ్గించిండ్రు. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

రెండు, ఆ లోటును ఖాళీ జాగల మీద, మూడో ఇల్లు నాలుగో ఇల్లు మీద వేసి పూడ్చాలె.

మూడు, సర్కారు జాగ వేలం వేస్తే అందులో కొంత భాగం జీతగాళ్ల ఇండ్లకు విడిచిపెట్టాలె. వేలం సొమ్ము రోజువారీ ఖర్చులో కలవకుంట ఇండ్లకు, బస్సులకు, నీళ్లకు వేరే ఖాతాలో పెట్టి ఏటా లెక్క చెప్పాలె.

నాలుగు, ఇల్లు కట్టే సర్కారు సంస్థను మళ్లా నిలబెట్టాలె.

ఉద్యోగులకొక మాట. మూడో డిమాండ్ నెరవేరితే వేలం సొమ్ము జీతాల బిల్లుకు ఆసరా కాదు. మీ పీఆర్సీ చర్చలప్పుడు ఖజానా ఇంకొంచెం బిగుసుకుంటది. తెలిసే చెప్తున్న. ఈ నెల జీతం కోసం జాగలమ్ముకుంటే రేపు ఆ జీతంతో కొనడానికి ఇల్లుండదు. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకున్నోళ్లు మీరు. ఆ లెక్క మీకు ఎవరూ నేర్పనక్కరలేదు.

వేలాన్ని 2006లో తప్పన్నం. మన సర్కారు వేస్తే ఒప్పయితదా? పాటలో కొన్నోడు మారలేదు, ఊర్ల రైతూ మారలేదు, కిరాయి ఇంట్ల మనమూ మారలేదు. అప్పుడు అడిగిన ప్రశ్న ఇప్పుడు కూడ అడుగుదాం.

మా బావ గృహప్రవేశానికి పోయిన. కొత్త సున్నం వాసన వస్తున్నది. అక్క పాలు పొంగిస్తున్నది. బావ వెనక బాల్కనీలో నిలబడి ఫోన్లో మిత్తి పైసల గురించి మాట్లాడుతున్నడు. సొంత ఇంట్ల మొదటి రోజు మనిషి అట్ల ఉండొద్దు. నేను కోరేది అంతే.

సెలవు.